పళ్ళు వచ్చేదాకా

అజ్రూ
3 ఏప్రిల్ 1998

బూషయిబ్ అన్నయ్యకు,

చాలా ఏళ్ళుగా నిన్నొక మాట అడగాలని ఉంది. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న నన్ను అత్త దగ్గరనుంచి ఇంటికి తీసుకొచ్చాడు. నా బట్టల పెట్టె కూడా తెచ్చాడు. అంటే ఉండిపోవడానికే. మరి వారం తిరక్కుండా అదే పెట్టెతో నన్ను మళ్ళీ అజ్రూ బస్సు ఎందుకెక్కించాడు? నేనేం చేశాను?

ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ మాట నోట్లోంచి రాదు. నువ్వు టీ పోస్తావు, నేను వదినను పిల్లల చదువుల గురించి అడుగుతాను, ఇంతలో బస్సు వేళవుతుంది. ఉత్తరమైతే నీ మొహం కనబడదు కాబట్టి రాయగలిగాను.

ఇక నువ్వడిగిన సంగతి. నీ గుర్రం హమామ పిల్లను పంపించు. మా ఆయన మొహా కొట్టం బాగుచేయడం మొదలుపెట్టేశాడు. ఆపిల్ తోట వెనక ఖాళీ నేల ఉంది, నీళ్ళు దేవదారు అడవి ఊటనుంచి వస్తాయి. కళాశాల ప్రయోగశాలలో నేనే పరీక్షించాను, ఫ్లోరైడు లేనట్టే. గుర్రప్పిల్ల వస్తోందని చెబితే మా ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ వాళ్ళు పిల్లల్ని పెంపకానికి పంపుతారు, గుర్రాల్ని పెంపకానికి పంపుతారు. ఇంట్లో ఏముంచుకుంటారే?" అన్నాడు. నవ్వాను. తర్వాత పని చేసుకుంటుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది, అప్పుడు నవ్వు రాలేదు.

తామూ అత్తకు ఎనభై దాటాయి. టీ కెటిలు ఎత్తలేదు. అయినా "రానీ, నేనే మేపుతాను" అంటోంది.

ఉంటాను,
ఇజ్జా


ఊలాద్ రహాల్
19 ఏప్రిల్ 1998

చెల్లీ ఇజ్జా,

సలాం. మొహాకి, అత్తకి కూడా నా సలాములు చెప్పు.

పిల్ల గడ్డి లారీలో వస్తోంది. పేరు నువారా. ఎడమవైపు మెడమీద సుడి ఉంటుంది, అది చూసి మనదే అని తెలుసుకో. ఇప్పుడు నల్లగా ఉందని చూసి మోసపోకు, తల్లిలాగే ఏడాదికింత తెల్లబడుతుంది. బార్లీ తక్కువ పెట్టు. పెద్దయ్యాక ఉరుసులో తుపాకుల వరసలో పరుగెత్తాల్సిన పిల్ల, చప్పుడంటే బెదరకూడదు. మొహాని రోజూ కాసేపు డబ్బా వాయించమను.

లారీ కదిలేసరికి హమామ కట్టు తెంపుకుని దారిదాకా పరుగెత్తింది. అక్కడే నిలబడి అరిచింది. దాన్ని తిప్పి తీసుకురావడానికి నాకు చాలాసేపు పట్టింది. ఏం చెయ్యను. దాని నోరు చూస్తే పిల్లను ఉంచుకోబుద్ధి కాదు. ఈ నేలమీద పుట్టి ఇక్కడే పళ్ళు మార్చింది కదా, ఈ నీళ్ళతో వచ్చే దర్మూస్ జబ్బు పట్టేసింది. పళ్ళమీద గోధుమరంగు మరకలు, దవడ పళ్ళు మెట్లుమెట్లుగా అరిగిపోయాయి. పోయిన సంతలో ఒక బేరగాడు నోరు తెరిచి చూసి "ఇరవై ఏళ్ళ ముసలిదాన్ని అమ్ముతున్నావా మామా" అన్నాడు. దానికి పదకొండేళ్ళు. అమ్మడానికి తేలేదురా, నాడాలు కొట్టించడానికి తెచ్చానన్నాను. గడ్డి నమిలి నమిలి మింగలేక ఉండలు కింద పడేస్తుంది. చల్లటి నీళ్ళు తగిలితే పై పెదవి పైకి లాగుతుంది. అందుకని డబ్బాలో నీళ్ళు ఎండలో పెట్టి, వెచ్చబడ్డాక ఇస్తున్నాను.

నీ ప్రశ్న చదివాను. అదీ ఒక ప్రశ్నేనా? పళ్ళకోసం పంపారు. నీకప్పుడు పాలపళ్ళు, నాకు రెండో పళ్ళు సగం వచ్చేశాయి, నన్ను పంపినా లాభం లేదు. ఇప్పుడు నువ్వు నవ్వితే జనం చూస్తారు, నేను నవ్వితే మీసం సవరించుకుంటాను. అంతే తేడా.

చివరి జత, మూల పళ్ళు వచ్చాక పిల్లను పంపించెయ్యి. నిండు నోటితో రావాలి.

బూషయిబ్


అజ్రూ
11 నవంబర్ 2000

అన్నయ్యకు,

నీ దగ్గర వర్షం పడిందని రేడియోలో విన్నాను. బార్లీ విత్తనం వేశావా?

నువారాకు రెండో జత పళ్ళు కూడా వచ్చాయి. నిన్న నేనే పెదవి ఎత్తి చూశాను. పొట్టు తీసిన బాదంపప్పుల్లా ఉన్నాయి, ఒక్క మచ్చ లేదు. ఎందుకో నా నాలుక నా పళ్ళమీదకే వెళ్ళింది. మన పెద్దవాళ్ళకు ఫ్లోరైడు అన్న మాట తెలియదు. కానీ కొత్త పన్ను చిగురు దాటి బయటికొచ్చే నాటికే దాని గట్టితనం దవడ లోపల తయారైపోతుందని తెలిసినట్టే నడుచుకున్నారు. కనబడ్డాక పంపితే లాభం లేదు, కనబడకముందే పంపాలి. మా విద్యార్థులకు ఈ పాఠం చెప్పినప్పుడు మన ఆచారం గురించి చెబుతాను. ఆచారంలో పిల్ల వెళ్ళేటప్పుడు తల్లి ఎలా అరుస్తుందో మాత్రం చెప్పను.

ఒంటిమీద ఇప్పుడు బూడిద మచ్చలు, మొహంమీద తెలుపు. అత్త గొంతు వినబడితే చాలు, కంచె దగ్గరికి వచ్చేస్తుంది. అత్త కింద రాలిన ఆపిళ్ళు ఒళ్ళో పోసుకుని కూర్చుని ఒక్కొక్కటే ఇస్తుంది, నాకు చిన్నప్పుడు ఖర్జూరాలిచ్చినట్టు. డబ్బా వాయించడం మాత్రం కుదరలేదు. పక్కింటి వాళ్ళకు పసిబిడ్డ ఉంది.

చివరి జత రానీ. అప్పుడు చూద్దాం.

ఇంకొకటి. నేనడిగింది నన్ను మొదటిసారి ఎందుకు పంపారని కాదు. అది నాకూ తెలుసు. పోనీలే.

నీ చెల్లెలు


ఊలాద్ రహాల్
7 అక్టోబర్ 2001

ఇజ్జాకి,

ఇక్కడ అందరం బాగున్నాం, దేవుడి దయ.

మూల పళ్ళు వచ్చే ఉంటాయి. ఈ నెలలోనే లారీ మాట్లాడుతున్నాను. వచ్చే వేసవి ఉరుసుకి అది మా వరసలో పరుగెత్తాలంటే చలికాలమంతా నేను దానిమీద కూర్చోవాలి. పదకొండు గుర్రాలు ఒకే గీతగా రావాలి, పదకొండు తుపాకులు ఒకే చప్పుడుగా పేలాలి. రెండు చప్పుళ్ళు వినబడ్డాయంటే ఊరంతా నవ్వుతుంది. వరస పెద్దనైన నేనే గుర్రం లేకుండా నిలబడితే ఎలాగుంటుందో ఆలోచించు.

హమామ మీద ఇక కూర్చోలేను. ముందు కాళ్ళ ఎముకలమీద బొడిపెలు లేచాయి, నడిస్తే కర్రల మీద నడిచినట్టు నడుస్తుంది. గడ్డి నానబెట్టి, దంచి పెడుతున్నాను. మనవరాలికి పెట్టినట్టే. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, ముసలోడు గుర్రానికి గోరుముద్దలు పెడుతున్నాడని. దానికి పిల్లను ఒకసారి చూపించాలని నా కోరిక. వాసన మర్చిపోయి ఉండదు.

పోయినసారి నువ్వు 'చివరి జత రానీ' అన్నావు. ఆ మాట ఇంతకుముందు ఎక్కడ చదివానా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. అత్త నాన్నకి అలాగే రాసేది. 'పాపకి ఇంకో పన్ను కదులుతోంది, వచ్చే ఏడు వచ్చి తీసుకెళ్ళు' అని. నాన్న నాచేత చదివించుకునేవాడు. పదేళ్ళకి ఇంటికి రావలసినదానివి పన్నెండేళ్ళకి వచ్చావు. నేను ఏమీ అనడం లేదు. గుర్తొచ్చింది, రాశాను.

మొహాకి సలాం.

బూషయిబ్


అజ్రూ
2 నవంబర్ 2001

అన్నయ్యా,

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందేమో.

ఆ మాట మళ్ళీ ఒకసారి చదవమంది. తర్వాత "రాశాను. పన్ను కదులుతూనే ఉండేది. అబద్ధం రాయలేదు" అంది. నేను ఉత్తరం మడతపెట్టాను. అప్పుడు తనే అంది, "మీ నాన్న నా చేతిలో పెట్టింది పిల్లని. తిరిగిమ్మని అడిగింది పళ్ళని. నువ్వైతే ఏమిచ్చేదానివే?" ఆ మీదట నువారాకు ఆపిళ్ళు పెట్టాలంటూ కర్ర వెతుక్కుంది.

అవును, మూల పళ్ళు వచ్చాయి. లారీ మాత్రం అప్పుడే మాట్లాడకు. ఎందుకంటున్నానో విను. కోపం తెచ్చుకోకుండా చదువు.

మన ఆచారం పళ్ళతో ఆగిపోతుంది. నోరు నిండితే గండం గడిచిందనుకుంటారు. ఫ్లోరైడు అక్కడితో ఆగదు. పళ్ళు తయారయ్యాక దానికి పళ్ళతో పని లేదు, ఎముకల్లోకి పోతుంది. తాగిన ప్రతి బకెట్లోంచి కొంచెం, గడ్డిమీద పడ్డ ప్రతి దుమ్ములోంచి కొంచెం. ఏళ్ళు పడుతుంది. హమామ కాళ్ళమీద నువ్వు చూసిన బొడిపెలు ముసలితనం వల్ల వచ్చినవి కావు. నాన్న చివరి రోజుల్లో మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాడు, గుర్తుందా? గుర్రం స్వారీ వల్ల అనుకున్నాం. కాదేమో అని ఇప్పుడు నాకనిపిస్తోంది. కాదని కూడా గట్టిగా చెప్పలేను. బావి వల్లా, ఊరి పక్క ఫాస్ఫేట్ గని దుమ్ము వల్లా, వట్టి వయసు వల్లా అన్నది చదివిన కొద్దీ విడదీయలేకపోతున్నాను.

అందుకని వసంతం దాకా ఉంచుతాను. ఇక్కడ దాని ఎముకలు గట్టిపడనీ. ఇది దానికోసమే చెబుతున్నాను, నాకోసం కాదు. అత్తకోసమూ కాదు.

ఇజ్జా


ఊలాద్ రహాల్
15 మార్చి 2002

ఇజ్జాకి,

హమామ పోయింది. చలికి తట్టుకోలేకపోయింది. దంచిన గడ్డి కూడా ఉండలు చేసి పడేసింది. చివరికి డొక్కలో ఎముకలు లెక్కపెట్టేలా అయింది. నాన్నకి ఇష్టమైన రాతిగుట్ట వెనక పాతిపెట్టాం.

పిల్లను చూపించలేకపోయాను.

నీ ఉత్తరంలో ఎముకల గురించి రాసింది చదివాను. మంచి సంగతులు. ఇక్కడ ఎముకలే మిగిలాయి.

ఈ ఉరుసుకి వరస పెద్దగా వేరేవాళ్ళను చూసుకోమని చెప్పేశాను. నువారాని నువ్వే ఉంచుకో. అత్త చేతికి అలవాటైందిగా.

బూషయిబ్


అజ్రూ
6 ఏప్రిల్ 2002

అన్నయ్యా,

నీ ఉత్తరానికి ఎలా జవాబు రాయాలో తెలియక చాలా కాగితాలు చింపాను.

నువారా రేపు బయలుదేరుతోంది. నువ్వు వద్దన్నా పంపుతున్నాను. మొహా దానితోపాటే లారీలో వస్తాడు.

నేను రాసిందంతా నిజమే. పుస్తకాల్లో చూసుకున్నా, హమామ కాళ్ళమీద చూసుకున్నా నిజమే. కానీ నేను ఎముకల గురించి రాస్తుంటే నువ్వొక తల్లికి దాని బిడ్డను చూపించాలని రాస్తున్నావు. నేనది చదివాను, చదివి పక్కన పెట్టేశాను. దానికోసమే ఉంచుకున్నానని రాసినప్పుడు నేను అబద్ధమాడలేదు. ఈ ఇంట్లో ఇంతకుముందు కూడా ఎవరూ అబద్ధం రాయలేదు.

వీలైనన్నాళ్ళు వర్షం నీళ్ళ తొట్టిలోవే తాగించు. గడ్డి మీ పొలానిది కాకుండా తాద్లా మైదానం నుంచి వచ్చేది కొను. తినిపించే ముందు దులుపు, దుమ్ము పోతుంది. ఉప్పుగడ్డలు మంచివే, కానీ ఎముకలకు బలమని సంతలో ఎవరైనా తెల్ల పొడి అమ్మితే మాత్రం ముట్టుకోకు. కొన్నిటిలో ఇదే విషం ఉంటుంది.

అత్త కంచె దగ్గరికి రానంది. నేను తాడు పట్టుకుని ఇంటి ముందునుంచి నడిపిస్తుంటే కిటికీలోంచి గట్టిగా అంది, "పళ్ళు సరిగ్గా చూసి పంపు. తర్వాత మాటొస్తుంది."

నీ మీసానికి నా సలాం. కోపం తగ్గాకే రాయి.

నీ చెల్లెలు
ఇజ్జా


ఊలాద్ రహాల్
23 జూన్ 2002

చెల్లీ,

కోతలైపోయాయి. గింజ సన్నం. పోయినేడుకంటే నయమే.

నీమీద కోపంతో మొదలుపెట్టిన ఉత్తరాలు రెండు నా దగ్గరే ఉన్నాయి. అవి పంపను. ఇది చదువు.

నువారా బాగా వచ్చింది. లారీనుంచి దింపినప్పుడు నేను గుర్తుపట్టలేదంటే నమ్ము. నల్ల పిల్లని పంపితే వెన్నెల ముక్కని పంపావు. మెడమీద సుడి చూసి ఏడ్చాను. ఊరి మగాళ్ళంతా వచ్చి దాని నోరు చూశారు. ఒక్కొక్కరే పెదవి ఎత్తి చూసి, ఎవరి మూతి వాళ్ళు మూసుకుని వెళ్ళారు. మొదటి తుపాకీ చప్పుడుకి గోడ దూకబోయింది. మొహా డబ్బా వాయించని ఫలితం అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఫరవాలేదు, చెవులు వెనక్కి పెడుతుంది గానీ వరస వదలదు. వరస పెద్దగా నన్నే ఉండమంటున్నారు.

ఇక అసలు సంగతి. వచ్చిన రోజు తొట్టి నీళ్ళు తియ్యడానికి బద్ధకించి బావి నీళ్ళు బకెట్లో పెట్టాను. లారీలో రోజంతా ఎండలో వచ్చిన గుర్రం. మూతి దగ్గరికి తెచ్చింది, నీళ్ళమీద ఊపిరి వదిలింది, తలెత్తి నా వంక చూసింది. తాగలేదు. మర్యాదగా చూసింది ఇజ్జా. నన్ను నొప్పించకూడదన్నట్టు.

ఆ చూపు నాకు తెలుసు.

నువ్వు పన్నెండేళ్ళకి వచ్చిన వేసవిలో అమ్మ నీకు బావి నీళ్ళు గ్లాసులో పోసిచ్చింది. వాసన చూసి కింద పెట్టావు. "దాహం లేదమ్మా" అన్నావు. మర్నాడూ అంతే. మజ్జిగ తాగావు, పుచ్చకాయ తిన్నావు, నీళ్ళు ముట్టలేదు. అమ్మ అంది, "వదిలెయ్యండి, దాహమే తాగిస్తుంది." నాన్న బావి గట్టుమీద కూర్చుని నీ వంకే చూస్తున్నాడు. ఆ తర్వాత నీ పెట్టె తీసుకుని బయటికొచ్చాడు. నేను అడ్డం వెళ్ళాను, ఎక్కడికని అడిగాను. "దీని నోరు తెరిచి నేను తాగించలేనురా" అన్నాడు. అంతే. నిన్ను దింపి వచ్చాక కోతలైపోయేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

నువ్వు ఇదా అడిగింది? నాలుగేళ్ళకి నాకు అర్థమైంది. మేమంతా నువ్వే మమ్మల్ని వద్దనుకున్నావని అనుకున్నాం. నీకు మా నీళ్ళు పనికిరాలేదు, మేమూ పనికిరామని. నువ్వేదో తప్పు చేశావని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడది తొట్టి నీళ్ళే తాగుతోంది. కొంచెం కొంచెంగా బావి నీళ్ళు కలిపి చూశాను, పసిగట్టేస్తుంది. తొట్టిలో నీళ్ళు అత్తిపళ్ళు పండేదాకా వస్తాయి. ఆ తర్వాత వానలదాకా బావే. ఒక గుర్రానికని రోజూ బయటినుంచి నీళ్ళు తెప్పించడం నావల్ల కాదు, ఊళ్ళో పిల్లలు ఆ బావివే తాగుతుంటే తెప్పించి దాని ముందు పెట్టలేను కూడా.

నాన్న ఇంకొక్క రోజు ఆగాల్సిందని జన్మంతా అనుకున్నాను. ఆగితే నువ్వు తాగేదానివని. ఇప్పుడు బకెట్ నా చేతికొచ్చింది, ఏమీ తోచడం లేదు. నువ్వు చదువుకున్నదానివి. తాగనిదానివి కూడా. చెప్పు, ఆగనా? లేక తెచ్చి దింపెయ్యనా?

అన్న
బూషయిబ్


అజ్రూ
9 జూలై 2002

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తోటలో చెర్రీలు కోతకొచ్చాయన్న వంకతో జవాబు వాయిదా వేశాను.

ఆ గ్లాసు నాకు గుర్తుంది. అంచుకింద నీలంపువ్వు ఉండేది. నీళ్ళ వాసన మాత్రం గుర్తులేదు. దాహం లేదన్నది నిజంగా దాహం లేకనే అన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అసలు ఆ మాట అన్నానన్నదే నువ్వు రాస్తే గుర్తొచ్చింది. సెలవులకు పంపిన ప్రతిసారీ "ఆ బావి నీళ్ళు ముట్టకే, పళ్ళు పాడవుతాయి" అని అత్త పొట్లంలో కమలాపళ్ళు కట్టి ఇచ్చేది. ఆరేళ్ళు విన్న మాట. నోరు దానంతటదే మూసుకుపోయిందేమో. లేకపోతే, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అమ్మ నవ్వుతూ గ్లాసు ఇచ్చినప్పుడు ఆవిడ పళ్ళు చూసి భయపడ్డానేమో. ఏది నిజమో లోపలికి ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

నాన్న నన్ను వద్దనుకున్నాడని ముప్ఫై అయిదేళ్ళు నమ్మాను. ఆయన బావి గట్టుమీద కూర్చుని నా గొంతు వంక చూశాడని ఇప్పుడు తెలిసింది. ఆయన ఉండగా తెలిస్తే బాగుండేది. ఈ ఒక్క దాంట్లో నాకు సందేహం లేదు.

అత్తకు చెప్పాను, నువారా నీళ్ళు తాగడం లేదని. ఆవిడ మొహంలో సంతోషం కనబడింది. అది నాకు కనబడిందని తెలిసి మొహం తిప్పేసుకుంది. కాసేపటికి "వాడిని ఆగమను. గుర్రం దాహానికి చచ్చేదాకా మొండికెయ్యదు, మనిషిలా కాదు" అంది. మరి కాసేపటికి "వద్దులే, తెచ్చెయ్యమను" అంది. ఏ మాట రాయనని అడిగితే, రెండూ రాయమంది. రాశాను.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నా విద్యార్థులకు జవాబు చెప్పగలను. ఆ నీళ్ళనుంచి జంతువును దూరంగా ఉంచాలి. నాలుగు మార్కులు. కానీ జవాబుకి అవతల నువ్వున్నావు, తుపాకుల వరసలో నీ పక్కనున్నవాళ్ళున్నారు, అవే నీళ్ళు తాగే పిల్లలున్నారు. నువ్వు ఆగితే అది తాగుతుంది. తాగిన రోజునుంచి నీదవుతుంది, ఊరిదవుతుంది. ఎముకలు మాత్రం మెల్లమెల్లగా ఆ నేల తీసుకుంటుంది. తెచ్చి దింపితే నిండు నోటితో, నున్నటి కాళ్ళతో మా ఆపిల్ చెట్లకింద ముసలిదవుతుంది. ఏ వరసలోనూ దానికి చోటుండదు. ఆ బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెడ్డదని అనలేను. మంచిదనీ అనలేను.

ఇంకొక్క రోజు ఆగి ఉంటే నేను తాగేదాన్నా అని అడిగావు. తెలియదు అన్నయ్యా. తాగి ఉంటే బాగుండేదా? అదీ తెలియదు. నువారా విషయంలో కూడా నా జవాబు ఇంతే. నిన్ను తప్పించుకోవడానికి అనడం లేదు, నిజంగానే తేల్చుకోలేకపోతున్నాను.

తొట్టి ఎండేలోపు, ఉరుసుకి వస్తున్నాను. ఇద్దరం బావి దగ్గర కూర్చుందాం. వదిన గ్లాసు తెచ్చి నా చేతికిస్తుంది, నాకు తెలుసు. అప్పుడు నేనేం చేస్తానో ఇప్పటికీ చెప్పలేను.

ఇజ్జా